కుదురుగా కూర్చోలేకపోతే మొండితనం కాదు, మందు ప్రభావం కావచ్చు

సైకోసిస్‌కు మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకు కొందరు కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెడతారు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, నిలబడితే కాళ్లు మార్చి మార్చి వేస్తారు. లోపల ఏదో తరుముతోందంటారు. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు భయపడతారు. డాక్టరూ అలాగే అనుకుంటే డోసు పెంచుతారు. దాంతో బాధ ఇంకా పెరుగుతుంది.

దీన్ని అకథీసియా అంటారు. 1901లో చెక్ వైద్యుడు హస్కోవెట్స్ పెట్టిన పేరు ఇది, అప్పటికి ఈ మందులే లేవు. హాలోపెరిడాల్ వంటి పాత మందులతో ఎక్కువగా వస్తుంది. క్వెటియాపిన్, క్లోజాపిన్‌లతో తక్కువ.

డాక్టరు ముందుగా చూడాల్సింది డోసు తగ్గించగలమా, మందు మార్చగలమా అని. అది చాలకపోతే ప్రొప్రనొలాల్ ఇస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. కొందరికి తక్కువ డోసులో మిర్టాజపిన్, కొద్ది రోజులపాటు క్లోనజెపాం కూడా వాడతారు. అలవాటుగా రాసే ట్రైహెక్సీఫెనిడిల్ వణుకుకూ బిగుసుకుపోవడానికీ పనిచేస్తుంది గానీ, ఈ బాధకు పనిచేస్తుందనడానికి ఆధారాలు బలహీనం. ఆ మాత్ర ఇచ్చాం కదా అని సరిపెట్టుకోవడం సరికాదని మా అభిప్రాయం. మందును మాత్రం సొంతంగా ఆపకూడదు, జబ్బు తిరగబెడుతుంది. బాధ భరించలేక చావాలనిపిస్తోందని అంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టెలి మానస్ నంబరు 14416.

ఇక్కడే కులం అడ్డొస్తుంది. వాడ నుంచి వచ్చిన కుర్రాడు వార్డులో అటూ ఇటూ తిరిగితే తాగొచ్చాడనో గొడవ చేస్తున్నాడనో అనేయడం తేలిక. మందు వల్లేమో అని అడగడానికి వాళ్లమ్మకు నోరు రాదు. అడగడం ఆమె హక్కే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ వైద్యంలో కుల వివక్షను నిషేధించింది. మందు దుష్ప్రభావాలను రోగికీ, అతని నామినేటెడ్ ప్రతినిధికీ అర్థమయ్యే భాషలో చెప్పాలని 22వ సెక్షన్ అంటోంది. ఆ ప్రతినిధిని ఎంచుకోవడానికి లాయరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి రోగి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ప్రతినిధి కూడా తన అంగీకారం రాసివ్వాలి. తోడు వెళ్లే కార్యకర్తలు, విద్యార్థులు ఆ బాధ్యత తీసుకోవచ్చు. వెళ్లేటప్పుడు మందుచీటీతో పాటు రెండు తేదీలు రాసుకెళ్లండి: మందు మొదలైన లేదా డోసు పెరిగిన రోజు, కాళ్లు నిలవకపోవడం మొదలైన రోజు. ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే డాక్టరు ముందు పెట్టి, డోసు పెంచే ముందు ఇది అకథీసియానా అని అడగండి.