ఆషాఢంలో తప్పు, ఫాల్గుణంలో లెక్క

ఎరువుల కొట్లో రైతు ఖాతా మొదలయ్యేది ఆషాఢంలో. పత్తి విత్తనాలు, కాంప్లెక్స్ బస్తాలు, ఆ వెనకే మిరప నారుకు పురుగుమందులు. పల్నాడులో ఇందులో చాలా భాగం అరువు మీదే నడుస్తుంది. పత్తి తీతలు అయ్యి, మిరపకాయ కల్లాల్లో ఎండి, టిక్కీలు (మిరప బస్తాలు) గుంటూరు యార్డుకు చేరి, డబ్బు చేతికొచ్చాకే కొట్టుకెళ్లి లెక్క చూసుకోవడం. అప్పటికి ఫాల్గుణం వస్తుంది. ధర కోసం సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్ల లెక్క ఇంకా వెనక్కి జరుగుతుంది.

దాచేపల్లిలో అలాంటి కొట్టొకటి ఊహించుకోండి. ఖాతాలన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. జూలైలో ఒక సాయంత్రం, రద్దీలో, ఒక కౌలు రైతు బాకీ 4,850 ఉండాల్సిన గడిలో 48,500 పడింది. ఎవరూ చూడలేదు. కొట్టు యజమాని జాగ్రత్తపరుడే. రోజూ రాత్రి షట్టర్ దించే ముందు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు. ఆ రాత్రీ ఎక్కించాడు. పేరు ఒకటే కాబట్టి నిన్నటి మంచి ఫైలు పోయి, దాని చోట ఇవాళ్టి తప్పు ఫైలు కూర్చుంది. మార్చిలో ఆ రైతు వచ్చి “నాకింత బాకీ లేదండీ” అంటే కంప్యూటరూ పెన్‌డ్రైవూ ఒకే అంకె చూపిస్తాయి. రెండుచోట్లా అదే ఉండేసరికి తప్పుకు సాక్ష్యం కూడా దొరికినట్టవుతుంది. రైతు దగ్గర చీటీ ఉంటే సరి. తడిసో, పోయో ఉంటే ఆయన మాట వినేదెవరు?

ఇలా పాతదాని మీదే కొత్తది రాసే కాపీ అద్దం లాంటిది. కంప్యూటర్ కాలిపోతేనో, దొంగలెత్తుకుపోతేనో కాపాడుతుంది. ఫైల్లోనే తప్పు చేరితే ఆ తప్పునూ నమ్మకంగా చూపిస్తుంది. తప్పు చేరడానికి దారులు చాలా. ఫైలు సేవ్ అవుతుండగా కరెంటు పోయి సగమే రాసి ఉండొచ్చు. వైరస్ పడొచ్చు. 2017 మే 12న మొదలైన వనాక్రై దాడి దాదాపు 150 దేశాల కంప్యూటర్లలో ఫైళ్లకు తాళాలేసి, విప్పడానికి బిట్‌కాయిన్లలో డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో గుంటూరు సహా కొన్ని జిల్లాల పోలీసు శాఖ కంప్యూటర్లకూ అది సోకింది. దాచేపల్లి అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉంది, పల్నాడు జిల్లా 2022లో ఏర్పడింది. అలా తాళం పడిన ఫైలును ఆ రాత్రి మామూలుగా పాతదాని మీద కాపీ చేస్తే, మంచి ప్రతి మన చేతులతోనే పోతుంది.

కాబట్టి పాత ప్రతులు ఉండాలి. కంప్యూటర్లు టేపుల మీద నడిచే కాలంలో ఇది ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేది. నిన్నటి ఖాతాల టేపు ఒక పక్క, ఇవాళ్టి లావాదేవీలు మరో పక్క పెడితే యంత్రం రెంటినీ చదివి కొత్త టేపు మీద కొత్త ఖాతాలు రాసేది. పాత టేపు జోలికి పోయేది కాదు. కొత్తది కొడుకు, నిన్నటిది తండ్రి, మొన్నటిది తాత. కొడుకు పాడైతే తండ్రినీ, ఆ రోజు లావాదేవీలనూ మళ్లీ ఎక్కించి కొడుకును తిరిగి తయారుచేసేవారు. బ్యాకప్ పుస్తకాల్లో ఈ తాత-తండ్రి-కొడుకు పేరు ఇప్పటికీ ఉంది. రోజువారీ చిట్టా, ఖాతాల ఆవర్జా రాసిన మన పాత గుమాస్తాలకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆవర్జా పాడైతే చిట్టాలోంచి తిరగరాసుకోవచ్చని వాళ్లకు తెలుసు. 1970ల చివర్లో వచ్చిన వీఎంఎస్ అనే వ్యవస్థ ఇంకో అడుగు ముందుకేసింది. ఫైలును సేవ్ చేసిన ప్రతిసారీ పేరు చివర 1, 2, 3 అని అంకె పెంచి కొత్త ప్రతి రాసేది. పాతవి అక్కర్లేదనుకుంటే మనమే ఆజ్ఞ ఇచ్చి తీసేయాలి.

ప్రతిరోజూ అన్నీ దాస్తే చోటెక్కడిది? ఫొటో స్టూడియోలో వందల జీబీల పెళ్లి వీడియోలుంటాయి. అందుకే మారినంతవరకే దాచే పద్ధతి వచ్చింది. ఫైలును ముక్కలు చేసి ఒక్కో ముక్కకు గణితంతో వేలిముద్ర లాంటి సంఖ్య కడతారు. ముద్ర మారిన ముక్కలనే కొత్తగా దాస్తారు. ఇందులో ఒక చిక్కుంది. పుస్తకం మొదట్లో ఒక్క వాక్యం చేరిస్తే ఆ తర్వాతి పేజీలన్నీ జరుగుతాయి. పేజీకి పేజీ పోల్చేవాడికి పుస్తకమంతా మారినట్టే కనిపిస్తుంది. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రాసిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం ఈ చిక్కు విప్పింది. ముక్క అంచును ఒక్కొక్క అక్షరమే జరుపుకుంటూ, వెనక వదిలినదాన్ని తీసేసి ముందు చేరినదాన్ని కలిపి ముద్రను చకచకా తిరగ్గడుతుంది. అలా పాత ముక్క ఎక్కడికి జరిగినా పట్టుకుంటుంది. నాకు ఈ ఉపాయం ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది.

మారినంతవరకే దాచడంలో ప్రమాదమూ ఉంది. అది పొలం లింకు డాక్యుమెంట్ల లాంటిది. నేటి దస్తావేజుకు బలం నిన్నటిది, దానికి బలం అంతకుముందుది. మధ్యలో ఒకటి పోతే ఆ తర్వాతివన్నీ సందేహంలో పడతాయి. సోమవారం పూర్తి ప్రతి, మంగళ, బుధ, గురువారాల మార్పులు వరసగా ఉన్నాయనుకుందాం. మంగళవారం మార్పు చెడిపోతే గురువారం ఫైలును సరిగా నిలబెట్టలేం. అందుకే మధ్యమధ్యలో పూర్తి ప్రతి తీస్తారు. ఖాతాల ఫైలుకైతే ఈ తెలివంతా అక్కర్లేదు. పైగా ఇప్పటి ఎక్సెల్ ఫైలు లోపల కుదించి ఉంటుంది, ఒక్క గడి మారినా చాలా భాగం వేరుగా కనిపిస్తుంది. చిన్న ఫైలే కాబట్టి, తేదీ పేరు పెట్టి పూర్తిగా దాచేయడమే మేలు.

ఎన్నాళ్లు దాచాలన్నదే అసలు ప్రశ్న. 2007లో ఆపిల్ తెచ్చిన టైమ్ మెషీన్ అనే బ్యాకప్ సదుపాయం గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందుకు వారానికొకటి ఉంచి మిగతావి తీసేస్తుంది. గంటకొకటి ఏడాదంతా ఉంచితే 8,760 ప్రతులు, ఇలా పలచన చేస్తే దాదాపు వంద. గూగుల్ డ్రైవ్ మనం ఎక్కించిన ఫైలు పాత ప్రతులను మామూలుగా 30 రోజులు లేదా 100 ప్రతుల వరకు ఉంచుతుంది. ఆఫీసు పనిలో తప్పు వారంలోనే బయటపడుతుంది, ముప్పై రోజులు సరిపోతాయి. మిరప లెక్కలో జూలై తప్పు మార్చికి గానీ బయటపడదు. ఎనిమిది నెలలు! ఎక్కడో కూర్చుని పెట్టిన ఆ ముప్పై రోజుల గడువు ఇక్కడి పంటకాలానికి చాలదు.

కోల్డ్ స్టోరేజీ లెక్కలనూ కలుపుకుని, దాచేపల్లి కొట్టుకు నేనైతే ఇలా పెడతాను: ఏడు రోజులవి రోజుకొకటి, అయిదు వారాలవి వారానికొకటి, పద్దెనిమిది నెలలవి నెలకొకటి. మొత్తం 30 ప్రతులు. ఫైలు 5 ఎంబీ ఉన్నా 150 ఎంబీయే, అతి చవక పెన్‌డ్రైవ్‌లోనూ పడుతుంది. జూలైలో ఖాతా తెరిచిన నాటికీ తప్పు పడిన నాటికీ మధ్య నెల నిండకపోతే నెల ప్రతిలో ఆ మంచి అంకె దొరక్కపోవచ్చు కాబట్టి, అరువులు జోరుగా సాగే జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారం ప్రతులను కూడా లెక్క తేలేవరకు ఉంచమంటాను. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్ ఊడదీయాలి, తగిలించి ఉన్నదానికీ వైరస్ తాళం వేయగలదు. ఫైల్లో రైతుల ఆధార్ నంబర్లుంటే పాత ప్రతుల్లోనూ ఉంటాయి, ఇవాళ్టి ఫైల్లో చెరిపినా అక్కడ చెరగవు. ఆ పెన్‌డ్రైవ్‌కు పాస్‌వర్డ్ పెట్టి, గల్లాపెట్టెలా భద్రం చేయాలి.

అప్పుడు మార్చిలో ఆ రైతు వచ్చి నిలబడితే యజమాని జూలై మొదటివారం ప్రతి తెరుస్తాడు. 4,850. తర్వాతి వారంది తెరుస్తాడు. 48,500. ఆ వారం బిల్లు పుస్తకం తీసి ఆ పేరు మీద కొన్నవి ఏమున్నాయో ఇద్దరూ కలిసి చూస్తారు.