మంట నీలమే... మరి గాలి?

ఉదయం ఏడున్నర. ఒక బర్నర్ మీద ఇడ్లీ పాత్ర, ఇంకోదాని మీద కుక్కర్. గాలికి మంట ఎగిరిపోతోందని కిటికీ మూసేశారు. మిగిలిపోయిన హోంవర్కు ముందేసుకుని పిల్లాడు గట్టు పక్కనే కూర్చున్నాడు. మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే ఆ మంట చుట్టూ పుట్టే ఓ వాయువు గురించి మీరు తెలుసుకోవాలి. దాని పేరు నైట్రోజన్ డయాక్సైడ్.

మంట నీలంగా ఉంటే గ్యాస్ బాగా మండుతోందని అర్థం. మసి రాదు, కార్బన్ మోనాక్సైడ్ తక్కువ. కట్టెల పొయ్యితో పోలిస్తే ఎన్నో రెట్లు నయం. అయితే నైట్రోజన్ డయాక్సైడ్‌కు ముడిసరుకు సిలిండర్‌లో లేదు, గదిలోని గాలిలోనే ఉంది. గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. మామూలుగా ఒకదాని జోలికి ఒకటి పోవు. మంట వేడికి మాత్రం కలిసిపోతాయి. అందుకే పొయ్యి ఎంత కొత్తదైనా ఈ వాయువు ఎంతో కొంత పుడుతూనే ఉంటుంది. డీజిల్ బండ్లు, జనరేటర్లు వదిలే వాటిలోనూ ఇది ఉంటుంది.

అమ్మోనియా లాంటివి ముక్కులోని తడిలోనే కరిగి, ఘాటుతో మనల్ని అక్కడి నుంచి తరిమేస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ నీటిలో అంత తేలిగ్గా కరగదు. కాబట్టి ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల దాకా వెళ్లి అక్కడ వాపు తెస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లల్లో దగ్గు, ఆయాసం, పిల్లికూతలు ఎక్కువవుతాయి. దీని ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకుముందు ఆ పరిమితి 40. మన దేశంలో నివాస ప్రాంతాలకు 2009లో పెట్టిన 40 ఇప్పటికీ అలాగే ఉంది.

సరే, కంటికి కనిపించని దాన్ని కొలిచేదెలా? హైదరాబాద్‌లోని సనత్‌నగర్, జూపార్కు లాంటి చోట్ల ఉన్న కేంద్రాల్లో దీన్ని పెద్ద యంత్రాలు కొలుస్తాయి. వాటిని వంటింట్లో పెట్టుకోలేం. అందుకే శాస్త్రవేత్తలు గోరంత పరికరాల మీద పడ్డారు. వాటిలో ఒకటి సచ్ఛిద్ర సిలికాన్, అంటే సన్నటి రంధ్రాలున్న సిలికాన్.

ఇది అనుకోకుండా దొరికింది. 1956లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఉలిర్, ఇంగెబోర్గ్ ఉలిర్ సిలికాన్ పలకకు నునుపు తేవాలని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉంచి కరెంటు పంపితే, దానిమీద వింత పొర ఏర్పడింది. అది నిండా రంధ్రాలున్న స్పాంజి లాంటి సిలికాన్ అని తర్వాత తేలింది. ఆ రంధ్రాల వెడల్పు మీటరులో వంద కోట్లవ వంతు లెక్కల్లో ఉంటుంది. ఒక ఘనపు సెంటీమీటరు ముక్క లోపలి గోడలన్నీ పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తాయి. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు నేల 93 చదరపు మీటర్లే మరి! వాయువు అణువులు వచ్చి వాలడానికి అంత చోటుందన్నమాట.

ఈ సిలికాన్‌లో బోరాన్ కలుపుతారు. అందులో కరెంటును మోసేవి ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు. బస్సులో ఒక ఖాళీ సీటు వెనక్కి జరుగుతూ పోయినట్టు ఇవి కదులుతాయి. రంధ్రాలు చేశాక ఈ ఖాళీల్లో చాలావరకు చిక్కుపడిపోయి, కరెంటు పారడం బాగా తగ్గుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ అణువులో జత లేని ఎలక్ట్రాన్ ఒకటుంటుంది. దానికి జత కోసం అది గోడమీద వాలి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. దాంతో ఖాళీలు మళ్లీ కదలడం మొదలై కరెంటు పెరుగుతుంది. ఎంత పెరిగిందో చూసి వాయువు ఎంతుందో లెక్కగడతారు. మంచి గాలి తగిలితే అణువులు మెల్లగా వదిలిపోతాయి. మామూలు మెటల్ ఆక్సైడ్ సెన్సర్లను 200 డిగ్రీలకు పైగా వేడిచేయాల్సి ఉంటుంది. ఇది గది వేడిలోనే పనిచేస్తుందని 2000 ప్రాంతంలో ఇటలీ పరిశోధకులు చూపించారు.

మరి మన ఇళ్లలోకి ఎందుకు రాలేదంటే, తేమ దగ్గరే చిక్కు. నీటి ఆవిరి కూడా ఆ రంధ్రాల్లోకే చేరి లెక్క తప్పిస్తుంది. కుక్కర్ ఆవిరి, విశాఖ లాంటి ఊళ్ల ఉక్కపోత దానికి పరీక్షే. పైగా నెలలు గడిచేకొద్దీ సిలికాన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది. నిన్నటి కొలత, ఇవాళ్టి కొలత ఒకేలా ఉంటాయన్న భరోసా లేకుండా పిల్లల ఆరోగ్యాన్ని దానికి అప్పగించలేం కదా.

కొనేటప్పుడు మాత్రం ఒక్క మాట గుర్తుంచుకోండి. గ్యాస్ లీకైతే మోగే అలారం ఈ వాయువును పట్టదు. ఆన్‌లైన్‌లో దొరికే చాలా గాలి మీటర్లు కొలిచేది దుమ్మునో కార్బన్ డయాక్సైడ్‌నో. డబ్బా మీద నైట్రోజన్ డయాక్సైడ్ పేరు ఉందో లేదో చూశాకే డబ్బు పెట్టండి.

అంతవరకూ కిటికీయే మందు. వంట మొదలెట్టే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, అయ్యాక కాసేపు తిరగనివ్వండి. నీళ్లు, పాలు, టీ లాంటివి ఇండక్షన్ మీదికి మార్చినా మంట వెలిగే సమయం తగ్గుతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో కొన్ని ఇళ్లలో గ్యాస్ పొయ్యి తీసేసి కరెంటు పొయ్యి పెడితే, వంటగదిలో ఈ వాయువు దాదాపు సగానికి తగ్గింది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే వంట వేళ దగ్గు పెరుగుతోందేమో గమనించి డాక్టరుకు చెప్పండి. మందులు, ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు. చిమ్నీ ఉంటే దాని గొట్టం ఎక్కడ తేలుతోందో ఓసారి చూడండి. కొన్ని రకాలు గాలిని ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ వంటగదిలోకే వదులుతాయి. జిడ్డు తగ్గుతుంది గానీ, నైట్రోజన్ డయాక్సైడ్ చాలావరకు గదిలోనే ఉండిపోతుంది.