నొప్పి లేదని వాయిదా వేయవద్దు



ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు మోకాళ్ళ నొప్పులు, షుగరు, బి.పి. గురించి అందరూ చెబుతారు. మూత్రంలో రక్తం పడిందని మాత్రం ఎవరూ చెప్పరు. సిగ్గు అడ్డు వస్తుంది. మూత్రాశయపు కాన్సర్ విషయంలో ఈ మౌనం చాలా నష్టం చేస్తుంది. ఎందుకంటే ఈ జబ్బులో ఆపరేషను ఎలా చేశారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు చేశారన్నది కూడా అంతే ముఖ్యం.

మొదటి గుర్తు

ఈ జబ్బుకు సాధారణంగా మొదటి గుర్తు మూత్రంలో రక్తం. చాలామందికి నొప్పి ఉండదు. ఒకరోజు ఎర్రగా కనబడి, తరువాత వారాల తరబడి మామూలుగా ఉంటుంది. వేడి చేసిందనుకొని బార్లీ నీళ్ళు, మజ్జిగ త్రాగుతారు. రక్తం ఆగిపోతుంది. మజ్జిగ వలన తగ్గిందని సంతోషిస్తారు. అయితే లోపలి కంతి లోపలే ఉంటుంది. స్త్రీలయితే నెలసరి అనో, మూత్రంలో చీము అనో అనుకొని ఇంకా ఆలస్యం చేస్తారు.

రక్తం పడిన ప్రతివారికీ కాన్సర్ ఉండదు. రాళ్ళ వలన, చీము వలన కూడా పడుతుంది. ఏది కారణమో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ముఖ్యంగా నలభై దాటినవారు, చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగేవారు ఒక్కసారి రక్తం కనబడినా చూపించుకోవలెను. పొగలోని విషం రక్తంలో కలిసి, మూత్రపిండాల ద్వారా వడకట్టబడి, మూత్రంతోపాటు గంటల తరబడి ఆ సంచిలో నిలువ ఉంటుంది. ఈ కాన్సర్లలో సుమారు సగానికి పొగాకే కారణం.

మొదటి ఆపరేషను

ఆపరేషను అనగానే కడుపు కోస్తారని భయపడతారు. మొదటి ఆపరేషనులో పైన కోత ఉండదు. మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి, కంతిని గీకి తీసి పరీక్షకు పంపుతారు. ఇదే వైద్యం, ఇదే పరీక్ష కూడా. జబ్బు గోడలో ఎంత లోతుకు పోయిందో దీనివలననే తెలుస్తుంది.

మన ఇంటి చెద సంగతి తలంచండి. పైన సున్నం మీద ఉన్నప్పుడు గీకివేయవచ్చును. దూలంలోకి పోతే దూలమే మార్చవలసి వస్తుంది. మూత్రాశయం గోడకు దూలం వంటిది దాని కండ. ఈ కాన్సర్ బయటపడిన ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి అది ఇంకా కండలోకి పోలేదు. దేవుడు మనకిచ్చిన మంచి సమయం అది.

రెండవసారి ఎందుకు?

కంతి పైపొర దాటి, కండకు ఇవతల ఉన్నదని తేలితే, సాధారణంగా 2 నుండి 6 వారాలలో మరల అదే చోట గీకి చూడవలెనని వైద్యులు చెబుతారు. “ఒకసారి తీశారు గదా, మళ్ళీ ఎందుకు? డబ్బు కోసమేనా?” అని ఇంటివారు అనుమానపడతారు. మొదటిసారి కంటికి చిక్కనిది ఈ రెండవసారి చాలామందిలో బయటపడుతుంది. కొందరిలో జబ్బు అనుకున్నదానికంటె లోతుగా ఉన్నదని తేలుతుంది. కనుక దీనిని మానుకోవద్దు.

ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి, ఆ గాయం మానిన తరువాత బి.సి.జి. మందు సంచిలోకి ఎక్కిస్తారు. పుట్టిన బిడ్డకు క్షయ రాకుండా వేసే టీకా మందే ఇది. కెనడాలో డాక్టరు అల్వారో మొరాలెస్ దీనిని ఈ కాన్సర్‌కు వాడి, 1976లో ఫలితాలు ప్రకటించారు. మొదట వారానికొకసారి చొప్పున ఆరు వారాలు ఇస్తారు.

అన్నిటికంటె కష్టమైన నిర్ణయం

ప్రమాదం తక్కువైన కంతులకు మూత్రాశయం తీయనక్కరలేదు. అయితే తీవ్రమైన రకం కాన్సర్ బి.సి.జి. ఇచ్చినా తిరిగి వస్తే, కండలోకి పోకముందే సంచి తీసివేయడం మంచిదని వైద్యులు చెబుతారు. మనిషి చూడటానికి ఆరోగ్యంగా ఉంటాడు, పొలానికి పోతుంటాడు. అందుకే “ఇంకా పాకలేదు గదా, పాకినప్పుడు చూద్దాం” అంటారు. పాకిన తరువాత చేసే ఆపరేషను అంత మేలు చేయదు. కండలోకి పోయినవారిలో కూడా, ఆపరేషనే మొదటి వైద్యమైనప్పుడు, మూడు నెలలు దాటిన ఆలస్యం బ్రతికే అవకాశాన్ని తగ్గిస్తుందని గమనించారు.

పొట్టకు సంచి తగిలించుకొని బ్రతకడం అవమానమని కొందరు ఒప్పుకోరు. అటువంటి సంచితో పనిపాటలు చేసుకొనేవారు, గుడికి వచ్చి ఆరాధించేవారు ఉన్నారు. కొందరికి ప్రేగు ముక్కతో లోపలే సంచి కుడతారు. ఎవరికి ఏది తగునో వైద్యుని అడగండి.

ఇంకొక వైద్యుని సలహాకు, డబ్బు సర్దుకొనుటకు వారం, పది రోజులు పట్టినా కంగారుపడనక్కరలేదు. కోతలు అయ్యాక, అమ్మాయి పెండ్లి అయ్యాక, క్రిస్మస్ వెళ్ళాక అని నెలలు జరపడమే ప్రమాదం.

ప్రార్థన, అంజూరపు ముద్ద

“ప్రార్థన చేస్తున్నాము, ఉపవాసాలు ముగిశాక చూద్దాము” అనే విశ్వాసులున్నారు. రాజైన హిజ్కియా మరణకరమైన రోగంలో కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి మరి పదునైదేండ్ల ఆయుష్షు వాగ్దానం చేశాడు. ఆ తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. వాగ్దానం దొరికింది గదా, ముద్ద ఎందుకని రాజు అనలేదు. ప్రార్థించిన నోటితోనే వైద్యానికి ఒప్పుకొనుట అవిశ్వాసం కాదు.

సంఘముగా మనము చేయగలిగినది కూడా ఉన్నది. రోగితో ఆసుపత్రికి ఒకరు వెళ్ళండి. ఇంటి దగ్గర పశువులను ఒకరు చూడండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ గురించి ముందే విచారించి పెట్టండి. ఈ జబ్బు తిరిగివచ్చే స్వభావం గలది గనుక మొదటి ఆపరేషను తరువాత మూడవ నెలలో గొట్టంతో చూసే పరీక్ష ఉంటుంది, తరువాత కూడా వైద్యుడు చెప్పిన గడువులలో ఉంటుంది. ఆ తేదీలు గోడ క్యాలెండరులో గుర్తుపెట్టి, మరచిపోకుండా జ్ఞాపకం చేయండి.

ఈ మాసంలో మీ ఇంట ఎవరైనా ఈ గుర్తును దాచిపెట్టి ఉంటే, నేడే చెప్పునట్లు ప్రభువు వారికి ధైర్యమిచ్చును గాక. వైద్యుల చేతులను ఆయన దీవించును గాక. ఆమేన్.