జట్టు వెంట ప్రయాణము

ఆటను చూడబోవుట వేరు, జట్టుకు తోడుపోవుట వేరు. ఆటను చూడబోయినవాడు మంచి ఆట జరిగినచో సంతోషించును. లేనిచో టిక్కెట్టు సొమ్ము దండుగయైనదని విసుగుకొని ఇల్లు చేరును. తోడుపోయినవాడు గెలిచినను ఓడినను మరుసటి ఆట ఏ ఊరిలోనో కనుగొని, అక్కడికి రైలు ఎప్పుడున్నదో విచారించును. ఇంగ్లండు, అర్జెంటీనా వంటి దేశములలో ఇట్టివారు వేలకొలది కలరు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో సముద్రములు దాటి తమ జాతీయ ఫుట్‌బాల్ జట్టు వెంట పోవుదురు. మన తెలుగు ప్రాంతములో అట్టివాడు ఉన్నాడా అని కొందరు అడుగవచ్చును. ఉన్నాడు. వారి సంఖ్య మాత్రము చిన్నది. అతడు చేయు పని ఎట్టిది, దానివలన జట్టునకు ఒరుగునదేమి అనునవి ఈ ప్రసంగమునకు విషయములు.

ఇందుకు తార్నాకను, దానిని ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఉదాహరణముగ తీసికొనుటకు కారణము గలదు. 1918లో స్థాపింపబడిన ఈ విశ్వవిద్యాలయము మంత్రులను, కవులను, శాస్త్రజ్ఞులను ఇచ్చినదని అందరు ఎరుగుదురు. భారతదేశమునకు మిక్కిలి గొప్ప ఫుట్‌బాల్ శిక్షకుని ఇచ్చినదని ఎరిగినవారు తక్కువ. సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడి పట్టభద్రుడు, ఇక్కడి జట్టులో ఆడినవాడు. పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1963లో మరణించువరకు ఆ ఆటకే అంకితమైనాడు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, యూసఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం మొదలైన వారందరు మన జంటనగరములనుండి ఆ జట్లకు వెళ్లినవారే. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పెరిగిన బలరామునకు హైదరాబాదుకు వచ్చిపోవుటకు ఖర్చు లేకపోగా, అద్దె సైకిలుకు రహీం డబ్బు ఇచ్చినాడని బలరాము చెప్పుకొనేవాడు.

ఆటగాళ్లు వెళ్లినారు. వారి వెంట ఎవరు వెళ్లినారు? 1951లో ఢిల్లీకి రైలు మీద పోయి, మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరానును ఓడించుట కన్నులార చూచుటకు వీలుండెను. మెల్బోర్న్ అట్లు కాదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత వాడుకలోనున్న కాలములో, ఆట కొరకు ఆస్ట్రేలియాకు పోవుదునన్న మాట ఇంటిలో ఎవరు పలుకగలరు? 1956 డిసెంబరు 1న నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టగా భారతదేశము ఆతిథేయులైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన వార్త మనవారికి రేడియోద్వారా, మరునాటి పత్రికలద్వారా తెలియవలసినదే.

ఇక్కడ రేడియో ఉద్యోగిగా ఒక మాట చెప్పవలెను. రేడియో ఆటను మన ఇంటికి తెచ్చును. వ్యాఖ్యాత గొంతు హెచ్చినపుడు వంటగదిలోనివారు కూడ వాకిలి దాక వచ్చి నిలుచుందురు. కాని మన ఇంటిలోని కేకను మైదానమునకు తీసికొనిపోవు శక్తి ఏ యంత్రమునకును లేదు. గోలు పడినదని మనము చప్పట్లు కొట్టినచో అది ప్రక్కింటివారికి వినబడును గాని ఆటగానికి వినబడదు. ఆ లోటును తీర్చుటకే అభిమాని ప్రయాణము కట్టుచున్నాడు.

ఆ లోటు ఎంతటిదో జకార్తాలో తెలిసినది. 1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండొనీషియా రానీయలేదు. అది క్రీడల నియమములకు విరుద్ధమని భారతీయుడైన జి.డి. సోంధీ ఆక్షేపించినాడు. దానిపై అక్కడి జనులకు భారతదేశముపై ఆగ్రహము కలిగినది; సెప్టెంబరు 3న మన రాయబార కార్యాలయముపై గుంపులు దాడి చేసినవి. మరునాడే ఫుట్‌బాల్ తుది పోటీ. ఎదురుగ నిలిచినది దక్షిణ కొరియా, మొదటి ఆటలో మనలను 2-0తో ఓడించిన జట్టే. సెనాయన్ స్టేడియములో లక్షమందికి దగ్గరగా జనులు. వారు మన జాతీయగీతమును కూడ ప్రశాంతముగ సాగనీయలేదు. తలకు కుట్లు పడిన జర్నయిల్ సింగును రహీం ముందు వరుసలో నిలిపినాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి, రెండు గోలులు కొట్టినారు. గోలు ముందర తంగరాజ్ నిలిచినాడు. 2-1తో స్వర్ణము మనదైనది. అప్పటికే రహీం కాన్సరు వ్యాధితో బాధపడుచున్నాడు; పది నెలలు తిరిగిరాకముందే కన్నుమూసినాడు.

ఆ ఆటను గురించి మన ఆటగాళ్లు తరువాతి కాలములో మరువక చెప్పుకొన్న సంగతి ఒకటి గలదు. అంత జనములో తమకై కేక వేసినవారు కొందరే. ఆ కొందరిలో ముఖ్యులు పాకిస్తాను హాకీ జట్టువారు. గెలుపును వర్ణించునప్పుడు గోలులతో పాటు ఆ కేకను కూడ చెప్పుకొన్నారనగా, ఆ దినమున వారు ఎంత ఒంటరులో ఊహింపవచ్చును.

అభిమానుల కేక ఉత్సాహమునకే గాని ఫలితమునకు కాదని వాదించువారు కలరు. 2020లో కోవిడ్ వ్యాధివలన ఐరోపాలో ఖాళీ స్టేడియములలో ఆటలు జరిగినపుడు పరిశోధకులకు దీనిని పరిశీలించు అవకాశము కలిగినది. జనము లేనపుడు సొంత ఊరి జట్టునకుండు మొగ్గు తగ్గినదనియు, వచ్చిన జట్టునకు రిఫరీలు చూపు పసుపు కార్డులు కూడ తగ్గినవనియు వారు గమనించినారు. అనగా కేక ఆటగాని చెవికే కాదు, తీర్పరి చెవికి కూడ సోకుచున్నదన్నమాట.

మన దేశములో ఈ తోడు దాదాపు కరవైన సంగతిని జట్టు నాయకుడే బయటపెట్టవలసి వచ్చినది. 2018 జూన్ 1న బొంబాయిలో భారత జట్టు చైనీస్ తైపీని 5-0తో ఓడించినపుడు చూడవచ్చినవారు సుమారు రెండున్నర వేలమంది. మూడు గోలులు కొట్టిన సునీల్ ఛేత్రి మరునాడు ఒక వీడియోలో చేతులు జోడించినంత పని చేసినాడు: మమ్ము తిట్టుటకైనను రండి, మైదానమునకు మాత్రము రండి అను అర్థము వచ్చునట్లు వేడుకొన్నాడు. జూన్ 4న కెన్యాతో జరిగిన ఆటకు టిక్కెట్లన్నియు అమ్ముడుపోయినవి. దానికి ముందే, 2017లో, జాతీయ జట్టు వెంట తిరుగు అభిమానులు కొందరు బ్లూ పిల్‌గ్రిమ్స్ అను పేర సంఘముగ కూడినారు. జట్టు తొడుగు చొక్కా నీలము కనుక నీలి యాత్రికులన్నమాట. యాత్ర అను మాట తగినదే. తిరుపతికి నడచిపోవువాడు కోరిక తీరునను హామీ పత్రము తీసికొని బయలుదేరడు గదా.

ఇప్పుడు తార్నాకలో గది అద్దెకు తీసికొని విశ్వవిద్యాలయములో చదువుకొను ఒక అభిమానిని ఊహించుకొందము. అతనికి కలుగు మొదటి చిక్కు కాలము. జాతీయ జట్టు ఆటలు అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించిన దినములలో జరుగును. ఆ దినములు ముందే తెలియును గాని, ఏ ఊరిలోనన్నది పలుమారు కొద్ది వారముల ముందు గాని తేలదు. రైల్వేవారు 2024 నవంబరు నుండి అరువది దినములు ముందుగా టిక్కెట్లు ఇచ్చుచున్నారు. ఊరి పేరు వెలువడునాటికి చోట్లు నిండిపోవును. మన విద్యార్థికి మిగులునది వెయిటింగు లిస్టు. కలకత్తాకైనను ఢిల్లీకైనను సికిందరాబాదు ప్రాంతమునుండి ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణము. పరీక్షలు చూచుకొనవలెను, సొమ్ము చూచుకొనవలెను, ఇంటిలో చెప్పవలెను. “టీవీలో వచ్చును గదా బిడ్డా, అంత దూరమెందుకు?” అని తల్లి అడుగును. ఈ ప్రశ్నకు సమాధానము ఆమెకు వెంటనే రుచించునది కాదు.

ఒక్కొక్కప్పుడు జట్టే మన ఊరికి వచ్చును. వచ్చియు ప్రయాణము తప్పింపదు. 2008లో ఆసియా ఛాలెంజి కప్పు పోటీలు హైదరాబాదులో జరిగినవి. ఇక్కడనే భారత జట్టు సెమీఫైనలులో మయన్మారును ఓడించినది. వానలకు మైదానము పాడుకాగా తుది పోటీ ఢిల్లీకి మారినది. అక్కడ ఛేత్రి మూడు గోలులు కొట్టగా తజికిస్తానును 4-1తో ఓడించి, భారతదేశము 2011 ఆసియా కప్పునకు అర్హత పొందినది. ఇరువదియేడేండ్ల తరువాత వచ్చిన ఆ అవకాశమును చూడగోరిన హైదరాబాదువాడు పెట్టె సర్దుకొనవలసి వచ్చినది.

2024లో జాతీయ జట్టు మరల గచ్చిబౌలి స్టేడియమునకు వచ్చినది. తార్నాకనుండి అక్కడికి ఊరు ఈ చివరనుండి ఆ చివరకు పోవలెను. ఇందులో ఒక విచిత్రము గలదు. తార్నాకలో మెట్రో ఎక్కి తూర్పుగా పోయినచో మూడవ స్టేషను పేరే స్టేడియము; కాని అది ఉప్పలులోని క్రికెట్టు స్టేడియము. ఫుట్‌బాల్ అభిమాని దానికి వీపు చూపి, పడమటగా పదునేడవ స్టేషనైన రాయదుర్గము వరకు పోయి, అక్కడనుండి బస్సో ఆటోయో పట్టుకొనవలెను.

ఆ ఏడు కొత్త శిక్షకుడుగా వచ్చిన స్పెయిను దేశీయుడు మనోలో మార్కెజ్ మనకు తెలిసినవాడే. 2022లో హైదరాబాదు క్లబ్బును దేశపు లీగులో విజేతగా నిలిపినవాడు. ఆశ సహజమే. సెప్టెంబరు 3న మారిషసుతో 0-0. సెప్టెంబరు 9న సిరియాతో 0-3 ఓటమి. నవంబరు 18న మలేషియాతో 1-1. మనవైపు గోలు రాహుల్ భేకే తలతో కొట్టినది. మూడు సారులు ఊరు దాటిపోయిన అభిమాని గెలుపు ఒక్కటియు చూడలేదు. చూచినది ఒక్క గోలు. ఆ ఏడాది అంతయు భారత జట్టు ఒక్క ఆటయు గెలువలేదు. ఆటను చూడబోయినవాడు ఇక్కడ ఆగిపోవును. తోడుపోవువాడు 2025 మార్చిలో గౌహతి వరకు రైలులో పోయి, అక్కడనుండి కొండదారిన షిల్లాంగు చేరినచో, మాల్దీవులపై 3-0 గెలుపును చూచియుండును. 489 దినముల తరువాత వచ్చిన గెలుపు అది. గెలుపు ఏ ఊరిలో వచ్చునో ముందుగ తెలియదు కనుకనే అన్ని ఊళ్లకు పోవలసి యున్నది.

ఆ 489 దినములకు ముందటి గెలుపు 2023 నవంబరు 16న కువైటులో వచ్చినది. అక్కడ మన్వీర్ సింగు గోలు కొట్టినపుడు స్టేడియములో లేచినవారు పెక్కుమంది భారతీయులే. వారు జట్టు వెంట పోయినవారు కారు. బ్రతుకుతెరువు కొరకు ముందే పోయినవారు. వారున్నచోటికి జట్టు వచ్చినది. గల్ఫు అనునది పొరుగూరి పేరువలె వాడుకలోనున్న కరీంనగరు, నిజామాబాదు కుటుంబములకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటికి దూరమున పనిచేయువానికి తన దేశపు జట్టు వచ్చిన ఒక సాయంకాలము ఏమి చేయునో వారికి తెలియును.

మైదానములో అభిమాని చేయు పని కూడ ఒక క్రమము గలది. గోలు వెనుక మెట్లమీద ఒకచోట కూడుదురు. ఒకడు డప్పుతో వరుస ఎత్తును; తక్కినవారు అందుకొందురు. గోలు పడినపుడు కేక వేయుట ఎవరికైనను వచ్చును. డెబ్బదవ నిమిషములో, జట్టు వెనుకబడియుండి కాళ్లు బరువెక్కినపుడు, గొంతు తగ్గకుండ పట్టుట అభ్యాసము వలన వచ్చును. ఎదుటి జట్టు జాతీయగీతము పాడునపుడు నిశ్శబ్దముగ నిలుచుట కూడ ఆ అభ్యాసములోనిదే. జకార్తా కథ తెలిసినవారు దీనిని మరువరాదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవము పోయినదని నిట్టూర్చువారు చాలమంది కలరు. నిజమే, ఆ లీగు విజేత క్లబ్బు కూడ 2025లో ఢిల్లీకి తరలిపోయినది. పురుషుల జట్టు 2027 ఆసియా కప్పునకు అర్హత పొందలేదు. కాని అదే 2025లో మహిళల జట్టు థాయిలాండులో, థాయి జట్టునే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పునకు అర్హత పొందినది. నిజామాబాదు జిల్లా తండానుండి వచ్చిన సౌమ్య గుగులోత్ భారత మహిళల జట్టునకు ఆడిన క్రీడాకారిణి. రహీం శిష్యుల వెంట పోవుటకు మన పెద్దలకు దారి లేకపోయెను. ఈ బిడ్డల వెంట పోవుటకు మనకు దారి గలదు.

కనుక ఇంటిలోని విద్యార్థి ఫుట్‌బాల్ ఆట కొరకు దూరమునకు పోవుదునని అడిగినపుడు, పరీక్ష దినములు, తిరుగు టిక్కెట్టు, తోటివారి వివరములు విచారించి పంపవచ్చును. జట్టు మన ఊరికే వచ్చినపుడు ఇంటిల్లిపాదియు పోవచ్చును. రేడియోవాడు చెప్పవలసిన మాట కాదు గాని, ఆ ఒక్క సాయంకాలము రేడియో కట్టివేసి మెట్రో ఎక్కండి.