శత్రువులు తగ్గేకొద్దీ పరుగే!

అయిదు వరుసలు, వరుసకు 11 చొప్పున 55 మంది గ్రహాంతరవాసులు ఆకాశం నుంచి బారులు తీరి దిగుతుంటారు. కింద ఒంటరి ఫిరంగి. జపాన్‌లో టైటో కంపెనీ ఇంజనీరు తొమోహిరో నిషికాదో 1978లో తయారుచేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఆట ఇది. ఆనాడు యంత్రంలో నాణెం వేసి ఆడేవారు. 2020లో 'ఇన్విన్సిబుల్ కలెక్షన్' పేరిట నింటెండో స్విచ్ మీదికి వచ్చింది. చేతిలో పట్టుకొనే ఆడుకోవచ్చు.

శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవారు వేగం పుంజుకోవడం ఇందులో విశేషం. నిజానికి అది కావాలని పెట్టింది కాదు. నాటి యంత్రం శక్తి తక్కువ. 55 బొమ్మలను కదపలేక ఈడ్చుకుంటూ నడిచేది. బొమ్మలు తగ్గితే బస్తాలు దించిన ఎడ్లబండే! ఆట రక్తి కట్టిందని నిషికాదో దాన్ని అలాగే ఉంచేశారు.

నేటి యంత్రానికి 55 బొమ్మలు ఒక లెక్కా? మొదటినుంచీ పరుగెత్తించగలదు. అలా చేస్తే మాత్రం పాత ఆట మిగలదు. అందుకని పాతదాని నీరసాన్ని కొత్తది లెక్క తప్పకుండా నటించాల్సిందే. ఏమాత్రం తేడా వచ్చినా పాత ఆటగాడు ఇట్టే పట్టేస్తాడు. మరి ఆఖరి శత్రువు తెర ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంటే, ఎంతటి చెయ్యి తిరిగినవాడికైనా బొటనవేలు తడబడక మానదు.