కల్లపు కెమెరా నడిరేయి ఏల ఆగును?

కల్లములో ఆరబోసిన మిరపకాయలకును, పాకలోని పశువులకును, మోటారు కొట్టులోని రాగితీగలకును కాపలాగా వైఫై కెమెరాలను పెట్టుకొన్న సభ్యులు మనలో పలువురు గలరు. మనిషి కాపలాదారుడు నిద్రపోయినచో ప్రక్కవారు లేపుదురు. ఈ కాపలాదారుడు నిద్రించిన సంగతి తెల్లవారిన పిదపగాని తెలియదు. ఫోను తెరచి చూచునప్పటికి ఒంటిగంట మొదలు మూడు గంటలవరకు బొమ్మయే ఉండదు. బస్తాలు పోయినది ఆ నడుమనే అయినచో సాక్ష్యమేది? కావున ఈ లోపమును గూర్చి కొంత వివరముగా వ్రాయదలచితిమి.

కెమెరా చెడినదని తలచి వెంటనే క్రొత్తదానిని కొనరాదు. పెక్కుచోట్ల లోపము కెమెరాలో గాక, దానికిని రౌటరునకును నడుమనున్న దారిలో ఉండును. చివరి మడికి నీరందనియెడల మడిని త్రవ్వము గదా. తూము మొదలు కాలువగట్టు వెంట నడచి గండి యెచ్చట పడినదో చూతుము. ఇచ్చటను అట్లే చేయవలెను. కెమెరా ఏ వేళ ఆగినదో, తిరిగి ఎప్పుడు లేచినదో ఒక వారము దినములు కాగితముపై వ్రాసి యుంచుడు.

అదే సమయమున ఇంటిలోని ఫోనులకు కూడ వైఫై పోవుచున్నచో కెమెరాను విడిచి రౌటరును చూడవలెను. కరెంటు క్షణకాలము పోయివచ్చినను రౌటరు తిరిగి పనిలోనికి వచ్చుటకు కొన్ని నిమిషములు పట్టును. దీనికి చిన్న బ్యాటరీ పెట్టెలు అమ్ముచున్నారు. రౌటరు అడాప్టరుపై ఎన్ని వోల్టులని యున్నదో అన్ని వోల్టుల పెట్టెనే కొనవలెను. ఫైబరు పెట్టె వేరుగా నున్నచో దానికిని కరెంటు నిలిచియుండవలెను.

ప్రొద్దుగ్రుంకిన వెంటనే కెమెరా ఆగి ఆగి లేచుచున్నచో, వైఫైకంటె ముందు కరెంటును అనుమానింపవలెను. చీకటిలో చూచుటకై కెమెరాలోని కంటికి కానరాని దీపములు వెలుగును. అప్పుడది పగటికంటె ఎక్కువ కరెంటు లాగును. 5 వోల్టుల కెమెరాకు సన్నని తీగను పొడవుగా అతికి పాకవరకు లాగినచో, వోల్టేజి దారిలోనే తగ్గి కెమెరా ఆరిపోవును. పరీక్ష సులభము. కెమెరాతో వచ్చిన తీగతోను, అడాప్టరుతోను ఒక రాత్రి అచ్చటనే నడిపి చూడుడు. ఆగకున్నచో తప్పు తీగదే.

ఇవి రెండును గానిచో సంకేతబలమును చూడవలెను. పెక్కు కెమెరాలు తమ యాప్‌లో దీనిని ఋణసంఖ్యగా చూపును. −60 మంచిది, −67 వరకు చాలును, −75 దాటి −80 కి దిగినచో బొమ్మ తెగుట ఆశ్చర్యము గాదు. అమ్మువారు చెప్పు గజముల లెక్క అడ్డులేని మైదానమునకు చెల్లునుగాని మన యిండ్లకు చెల్లదు. ఇనుపరేకులు సంకేతమును త్రిప్పికొట్టును. తడిగోడలును, ఆకులును, తేమగల ధాన్యపు బస్తాలును దానిని పీల్చివేయును. ఖాళీ గదిలో చక్కగా పనిచేసిన కెమెరా, బస్తాలు పైకప్పువరకు పేర్చిన పిదప మూగవోవుటకు ఇదియే కారణము. రౌటరును బీరువా వెనుక దాచక, పాక దిక్కునకున్న కిటికీ చెంత ఎత్తున ఉంచినచో ఖర్చు లేకయే కొంత మేలగును.

చవక కెమెరాలలో పెక్కు 2.4 గిగాహెర్ట్జుల వైఫైనే పట్టుకొనును. రౌటరు 2.4 కును 5 కును ఒకే పేరు పెట్టినచో కొన్ని కెమెరాలు తికమకపడును, 2.4 కు వేరుపేరు పెట్టుట మంచిది. సాయంకాలము ఇరుగుపొరుగు రౌటరులన్నియు ఒకే చానెలుపై పనిచేయుచు ఒకదాని కొకటి అడ్డుతగులును. రౌటరు తనంతట చానెలు మార్చుకొనునప్పుడును కెమెరా తెగవచ్చును. కావున 1, 6, 11 లలో రద్దీ తక్కువగా నున్న దానిని ఎంచి, వెడల్పు 20 మెగాహెర్ట్జులుగా స్థిరపరచవలెను. ఈ మార్పులు చేయుట తెలియనిచో చదువుకొనుచున్న పిల్లలచేత చేయించుకొనవచ్చును. ఆ సందర్భమున రౌటరుతో వచ్చిన పాత సంకేతపదమును కూడ మార్పించుడు.

దూరము మరీ ఎక్కువైనచో రిపీటరు పెట్టుదురు. పలువురు దానిని కెమెరా ప్రక్కనే పెట్టి, ఫలము లేదని నిందింతురు. అందిన సంకేతమునే అది ముందునకు పంపును గనుక, సంకేతము ఇంకను బలముగా నున్న నడిమిచోటనే ఉంచవలెను. తీగతో కలుపు వసతిగల కెమెరాకు మాత్రము 100 మీటర్లలోపు ఈథర్నెట్టు తీగ వేయుటయే మా దృష్టిలో మేలు. అయితే ఆరుబయట లాగిన రాగితీగకు పిడుగు భయము గలదు. అట్టిచోట ఫైబరు క్షేమము.

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒకొక్క రాత్రి వైఫై పోకమానదు. అందులకై కెమెరాలో మెమరీకార్డు వేయించుడు. కరెంటు ఉన్నంతవరకు, వైఫై లేకున్నను, బొమ్మ కార్డులో పడుచునే యుండును. దొంగ కెమెరానే ఊడబెరికినచో కార్డును పోవును గనుక, నిచ్చెన లేక అందని యెత్తున బిగించి, నెలకొకసారి కార్డు తీసి చూచుకొనవలెను.