ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆయాసం రోగికి మన ఆసరా

వారం పది రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించుకుని, ఊపిరి కాస్త సర్దుకున్నాక డాక్టరుగారు ఇంటికి వెళ్లొచ్చంటారు. జబ్బు నయమైందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. కానీ డాక్టర్లు సి.ఓ.పి.డి. అని చీటీలో రాసే ఈ దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు పూర్తిగా నయమయ్యేది కాదు, అదుపులో ఉంచుకోవలసింది. అమెరికాలో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికెళ్లిన వృద్ధుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు 30 రోజుల్లోపే తిరిగి చేరుతున్నారని లెక్క తేలింది. అన్ని వసతులున్న చోటే అలా ఉంటే మన ఇళ్లలో మొదటి నెల ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఆ పథకం ముఖ్యంగా ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. ఇంటి దగ్గర జరగాల్సింది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఈ జబ్బు బీడీ, సిగరెట్టు తాగేవాళ్లకే వస్తుందనుకోవడం పొరపాటు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లకూ, తాడిపత్రి బండల పనిలో దుమ్ము పీల్చినవాళ్లకూ, ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లకూ రావచ్చు. దగ్గు వింటూనే కొన్ని ఇళ్లలో పళ్లెం, గ్లాసు వేరు చేస్తారు. పరీక్షలో టీబీ లేదని తేలాక ఆ పని చేయనక్కరలేదు. సి.ఓ.పి.డి. అంటుకునే జబ్బు కాదు.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది మందు పీల్చే తీరు. మా వీధిలో ఒక పెద్దాయన పీల్చవలసిన పొడి మందు క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేస్తుండేవాడు. ఆయన తప్పేముంది? క్యాప్సూల్ అంటే మింగేదేనని మనందరికీ అలవాటు. నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, నొక్కుతూ నిదానంగా లోపలికి పీల్చాలి. తర్వాత పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి బిగబట్టాలి. స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే ముసలివాళ్లకు ఇది సులువవుతుంది. పొడి మందు తీరు వేరు, దాన్ని జోరుగా, గట్టిగా పీల్చాలి. స్టెరాయిడ్ కలిసిన మందైతే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. నేను డాక్టర్ని కాను, బడిపంతుల్ని. పాఠం అర్థమైందా అని అడిగితే పిల్లలంతా తలూపుతారు. తిరిగి చెప్పిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. రోగిని కూడా "మందు వాడుతున్నారా?" అని అడగడంతో సరిపెట్టొద్దు. "ఒకసారి నా ముందు పీల్చి చూపించండి" అనండి.

రెండో ఇబ్బంది మన ప్రేమ నుంచే వస్తుంది. "అబ్బాకు ఆయాసం, మంచం దిగనీయొద్దు" అని కొడుకులు, కోడళ్లు అన్నీ మంచం దగ్గరికే అందిస్తారు. కదలకపోతే కాళ్ల కండరాలు చిక్కిపోతాయి, చిక్కిన కాళ్లతో నాలుగడుగులు వేసినా ఆయాసం ఇంకా పెరుగుతుంది. డాక్టరు సరేనన్నాక పొద్దున్నే, దుమ్ముగాలి లేవకముందు, మొదట ఇంటి వాకిట్లో, తర్వాత వీధి చివరిదాకా నడిపించాలి. ఆయాసం వస్తే కూర్చుని ముందుకు వంగి, మోచేతులు మోకాళ్లపై ఆనించి, ముక్కుతో పీల్చి, వేడి టీని ఊదినట్టు పెదవులు సున్నాలా చుట్టి నిదానంగా వదలాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

తిండి విషయంలో ఒక్క మాట. పెద్ద సంగటి ముద్ద ఒక్కసారే తింటే నిండిన పొట్ట ఊపిరికి అడ్డం వస్తుంది. అదే తిండిని నాలుగైదు సార్లుగా, గుడ్డో పప్పో తోడు చేసి పెట్టండి.

ఇంటికి ఆక్సిజన్ మిషను తెచ్చుకునేవాళ్లు రక్తంలో ఆక్సిజన్ కొలిపించి, డాక్టరు రాసిస్తేనే తెచ్చుకోవాలి. రాసిస్తే రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి, అప్పుడే ఫలితం. ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అనుకుని ముల్లు తిప్పకండి. కొందరికి దానివల్ల ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగి మత్తు కమ్ముతుంది. మిషను ఉన్న గదిలో బీడీ, అగరుబత్తి, పొయ్యి ఏదీ వెలగకూడదు.

సజ్దాలో ఆయాసం వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చు. రోగికి రోజా విషయంలో దీన్‌లోనే వెసులుబాటు ఉంది. రమజాన్ రాకముందే డాక్టరునూ, ఆలిమ్‌నూ ఇద్దర్నీ అడగాలి. చాలామంది ఎవరికీ చెప్పకుండా పగటి మందు మానేస్తారు, అది ప్రమాదం.

మన సొసైటీ కార్యకర్తలు రోగి ఇంటికొచ్చిన రెండు మూడు రోజుల్లో ఒకసారి, తర్వాత నెలపాటు వారానికోసారి వెళ్లి రాగలిగితే చాలా మేలు. మందు అయిపోయిందా, ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతున్నారా, డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ ఎప్పుడు, ఫ్లూ టీకా వేయించారా అని కనుక్కోండి. కఫం పెరిగినా, పచ్చగా మారినా, కాళ్లు వాచినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మాట పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, మనిషి మత్తుగా పడి ఉన్నా 108కి ఫోను చేయండి. డిశ్చార్జి కాగితాలు, ఇన్‌హేలర్లు, ఆధార్, రేషన్ కార్డు ఒకే సంచిలో వేసి తలుపు వెనక మేకుకు ఇప్పుడే తగిలించి పెట్టుకోండి.